గైడులో లేని కెరటం

నేను ఒక బెత్తాన్ని. ముందే చెబుతున్నాను, నా కథ విని నామీద జాలిపడాలని చూడకండి. మీ జాలి నాకు అక్కర్లేదు, నా జాలి మీకు దొరకదు. పలకా, బలపమూ, బడిగంటా తమ కథ చెప్పుకుంటే పెద్దవాళ్ళు కళ్ళొత్తుకుంటారట. నా పేరు వింటే మాత్రం యాభై ఏళ్ళ మనిషి కూడా అరిచేయి వెనక్కి దాచుకుంటాడు. నాకు కావలసింది అదే. దెబ్బకు దెయ్యం జడుస్తుందన్నారు పెద్దలు. దెయ్యమే జడిసినప్పుడు నాలుగో తరగతి పిల్లలొక లెక్కా?

కొండవాగు పక్కన, ఒంటినిండా ముళ్ళతో, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా పెరిగాను. పక్క చెట్టును పట్టుకుని దాని నెత్తిమీదికి ఎక్కడం మా వంశాచారం. ఒకడు కత్తితో నన్ను తెగ్గొట్టి, ముళ్ళు గీకి, పొగ పట్టించి, మరో పాతికమందితో కలిపి బిగించి కట్టాడు. నా వంకర తీయడానికట! తన వంకర ఎవరు తీశారో నేనడగలేదు. అలా తిన్నగా, నున్నగా తయారై విజయనగరంలో ఒక పుస్తకాల కొట్టు చేరాను. కొట్టువాడు నాకు ఆముదం పూసి, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు గాలిలో ఒక్క విసురు విసిరేవాడు. నేను చేసిన చప్పుడు విని సన్యాసిరావు మాస్టారు ముచ్చటపడి నన్ను తీసుకున్నాడు. అదే చేత్తో నాలుగో తరగతి ఇంగ్లీషు గైడు కూడా తీసుకున్నాడు. గైడూ నేనూ ఒకే సంచీలో రేవుపేట చేరాం. అది చెప్పేది, నేను ఒప్పించేదాన్ని.

రేవుపేట సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. బడికీ సముద్రానికీ మధ్య రెండొందల గజాల ఇసక. మాస్టారు ఆ బడికి పెద్ద. పదకొండేళ్ళు అక్కడ పనిచేసి ఒక్కనాడూ ఆ ఇసక దాటి వెళ్ళని ఘనుడు. పొద్దున్నే బస్సు దిగేవాడు, సాయంత్రం బస్సెక్కేవాడు. ఎండుచేపల వాసన పడదని సముద్రం వైపు కిటికీకి మేకు కొట్టించాడు. పిల్లల్ని కొట్టకూడదని పైనుంచి కాగితం వస్తే, కాగితాన్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టి నన్ను జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. ఆ విషయంలో ఆయన్ని తప్పు పట్టను.

ఆయన ఇంగ్లీషు చెప్పే పద్ధతి వినండి. పాఠం మొదలెట్టే ముందు కొత్త మాటలు రావాలి కదా. బోర్డుకి ఎడమవైపు ఇరవై ఇంగ్లీషు మాటలు, కుడివైపు గైడులోని ఇరవై తెలుగు మాటలు. వాటిని మీనింగులంటారు. పిల్లలు వాటిని పదేసిసార్లు రాసి, పదేసిసార్లు అరిచి, మర్నాడు ఒప్పచెప్పాలి. ఒప్పచెప్పనివాడి సంగతి నేను చూసుకునేదాన్ని. ఇరవై మాటలూ నలభైమందికీ వచ్చేసరికి నెల గడిచేది. నెల గడిస్తే పరీక్ష. పరీక్షలో మీనింగులే. ఇక పాఠం చదివే తీరిక ఎవరికి? వంట మొత్తం అయ్యాక ఎవరూ అన్నానికి కూర్చోని పెళ్ళి చూశారా మీరు? నేను పదకొండేళ్ళు చూశాను.

ఆ తరగతిలో సముద్రం మీద పాఠం ఒకటుంది, మూడు పేజీలది. ఇద్దరు అన్నదమ్ములు చిన్న పడవ వేసుకుని వేటకి వెళతారు, తుఫాను పడుతుంది. అంతవరకు నాకూ తెలుసు, ఎందుకంటే మొదటి పేజీలో ఆ బొమ్మ ఉంది. ఆ పాఠం మీనింగుల్లో ఐదోది వేవ్. గైడు ప్రకారం తరంగం.

సూరాడ కాసులమ్మ అని తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో కాసులు అంటారు. తండ్రి ఎర్రయ్య తెప్పమీద వేటకెళతాడు, తల్లి నరసమ్మ ఎండుచేపలు గంపకెత్తుకుని ఊళ్ళమ్మట అమ్ముతుంది. మాస్టారు ఆ పిల్లని లేపి వేవ్ అంటే ఏమిటన్నాడు. కెరటం, అంది కాసులు. అనడమే కాదు, చెయ్యి ఎత్తి, ముందుకు వంచి, విరిచి చూపించింది. తరగతి మొత్తం తలలూపింది. పుట్టినప్పటి నుంచి దాని చప్పుడు వింటూ నిద్రపోయే పిల్లలు వాళ్ళు. మాస్టారు గైడు తెరిచి చూశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా ఆయనకి, పైగా ఆ కుందేలు అచ్చులో ఉంది. తప్పన్నాడు. చెయ్యి చాపమన్నాడు. నేను దిగాను.

పిల్ల ఏడవలేదు. అడగకూడనిది అడిగింది.

"తరంగమంటే ఏటి మేస్టారూ?"

"వేవ్," అన్నాడు మాస్టారు.

"వేవంటే?"

"తరంగం!"

తరగతిలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత ఆగలేదు. వరసగా ఐదు. దాచడమెందుకు, నాకు ఆ రోజు పండగే. ఐదోది వేలి కణుపుమీద పడింది. అప్పటికి నా కొసన చిన్న పెచ్చు లేచి ఉంది, దానితో చర్మం చీరుకుంది. ఆ రక్తం మరక ఇప్పటికీ నా ఒంటిమీద ఉంది, ఉప్పునీళ్ళకి కూడా పోలేదు. ఎన్నిసార్లు నాలో నేను సమర్థించుకున్నానో చెప్పలేను. తెలిసిన మాట తెలిసినట్టు చెప్పడం కూడా నేరమే, చదువంటే గైడు చెప్పినట్టు చెప్పడం, అనుకునేదాన్ని.

మర్నాడు నరసమ్మ గంపతో సహా తరగతి గదిలోకి వచ్చేసింది. మాస్టారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కేకలు వెయ్యలేదు. కూతురి వేలు పట్టుకుని ఆయన ముందు పెట్టి నిలబడింది. వాచి, నల్లబడి, వంకాయలా ఉంది వేలు. గైడులో ఉన్నది చెప్పలేదని మాస్టారు వివరించాడు.

"నా కూతురు సముద్రం ఎరగదా బాబూ? దాని బాబు రోజూ కెరటం దాటి ఎల్లి కెరటం దాటి వత్తాడు. ఆ మాటకి ఏలిరగ్గొడతావా?" అంది నరసమ్మ. "నీ సదువొద్దు, నీ కర్రొద్దు. దానత్త రొయ్యల సెడ్డులో పంజేత్తంది, దీన్నీ తోలీత్తాను. అక్కడైతే రొయ్యకి తొక్క తీత్తారు, పిల్లకి తియ్యరు."

అని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర కాసులు వెనక్కి తిరిగి చూసింది. మాస్టారిని కాదు, నన్నూ కాదు. బల్లమీద ఉన్న తన ఇంగ్లీషు పుస్తకాన్ని. దాన్ని తీసుకెళ్ళాలో వద్దో తెలియక వదిలేసింది. పీడా పోయిందనుకున్నాను.

రెండు నెలల తర్వాత రత్నావళి అని కొత్త టీచరు వచ్చింది, పార్వతీపురం నుంచి. మూడు, నాలుగు తరగతులు ఆమెకిచ్చారు. వచ్చిన మొదటి రోజే ఆమె చేసిన మొదటి పని, కిటికీ మేకు పీకించడం. గది నిండా సముద్రం చప్పుడు పడింది. రెండో పని, నన్ను తనకిమ్మని మాస్టారిని అడగడం. మాస్టారు పొంగిపోయి, ఈ టీచరు పనిమంతురాలేనని ఇచ్చాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మహాతల్లి నా కొసకి ఎర్రగుడ్డ ముక్క చుట్టింది! చార్టుమీద బొమ్మలు చూపించడానికట. కొరడాకి పూలదండ కట్టినట్టుంది నా బతుకు. ఆనాటి నుంచి ఆమె అంటే నాకు కడుపుమంట.

హాజరు పట్టీలో కాసులమ్మ పేరు ఎదుట రెండు నెలల సున్నాలు చూసి ఆమె ఎండుచేపల కళ్ళం దగ్గరికి వెళ్ళింది. నేను చంకలో ఉన్నాను కాబట్టి నేనూ వెళ్ళాను. నన్ను చూడగానే కాసులు వలకుప్ప వెనక్కి వెళ్ళిపోయింది. ఆ పిల్ల చేతులు అప్పటికే షెడ్డులో రొయ్య నీళ్ళకి పాచిపోయి, వేళ్ళ సందుల్లో పుళ్ళు పడి ఉన్నాయి. వారానికి నాలుగు రోజులు వెళుతోందట, పండగ వెళ్ళాక పూర్తిగా వెళుతుందట. టీచరు "నరసమ్మగారూ" అని పిలిచింది. ఆమెని గారు అన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరనుకుంటాను, నరసమ్మ వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి నరసమ్మ ఒక షరతు పెట్టింది. నెల్లాళ్ళు పంపుతుంది. ఆ నెల్లాళ్ళలో ఎవరు ఒక్క దెబ్బ కొట్టినా మర్నాడే షెడ్డు, మళ్ళీ బడి మాట ఎత్తకూడదు. నెల దాటితే చదివించుకోవచ్చు, కానీ ఆ కర్ర తనకి ఇచ్చెయ్యాలి. పీతల వలకి చట్రం లేక మొగుడు రోజూ సణుగుతున్నాడట.

నన్నా! పీతల వలకా! ఆ పూట నుంచి నాకు ఒకటే ధ్యాస. నెల లోపల ఒక్క దెబ్బ పడాలి. ఎవరైనా, ఎలాగైనా, ఒక్కటి. నా బతుకు దానిమీద ఉంది. ఆ పిల్ల బతుకు కూడా దానిమీదే ఉందని నాకు తెలుసు. తెలిసే కోరుకున్నాను.

రత్నావళి టీచరు పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. సముద్రం పాఠానికి ఇరవై మాటలు కాదు, ఆరే మాటలు ఎంచుకుంది. పుస్తకం తెరవనివ్వలేదు. ముందు ఒక గుడ్డసంచీ తెచ్చి బల్లమీద పెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పెట్టి తీయమంది. చిరిగిన వలముక్క వచ్చింది. తాడు కట్టిన ఇనపకొక్కెం వచ్చింది. దీన్ని మీ ఇంట్లో ఏమంటారు అని అడిగేది. పిల్లలు చెప్పేవారు, ఆమె వినేది, తనకు తెలియకపోతే మళ్ళీ చెప్పించుకునేది. టీచరు పిల్లల దగ్గర నేర్చుకోవడమేమిటి, సిగ్గులేకపోతే సరి! ఆ తర్వాత అదే వస్తువు పట్టుకుని నెట్ అనేది, యాంకర్ అనేది. వాళ్ళు అనేవారు. పట్టుకుని అనేవారు, విసిరి అనేవారు, లాగుతూ అనేవారు. వేవ్ దగ్గరికి వచ్చేసరికి సంచీలోంచి తీయడానికేం లేదు కదా, నలభైమందినీ వరసగా నిలబెట్టి చేతులెత్తి వంచి విరవమంది. రెండు నెలల కింద ఏ చెయ్యి అలా చేసినందుకు నేను వేలు చీరానో, ఆ చెయ్యి ఇప్పుడు వరస మొదట్లో ఉంది. ఇదీ ఒక చదువేనా, చిందులు కాకపోతే!

మరో రోజు పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళి, నన్ను కాసులు చేతికిచ్చి, తడి ఇసకలో ఆ మాట రాయమంది. కాసులు నన్ను పాముని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. తర్వాత గుప్పిటతో పట్టుకుంది. పెద్ద పెద్ద అక్షరాలతో వేవ్ అని రాసింది. రాసి ముగించేలోపు అదే వచ్చి దాన్ని తుడిచేసి వెళ్ళింది. పిల్లలు ఒకటే నవ్వు. కాసులు మళ్ళీ రాసింది, అది మళ్ళీ తుడిచింది. నా జన్మలో మొదటిసారి ఉప్పునీళ్ళలో తడిశాను. మాట కోసం మనిషి వస్తువు దగ్గరికి వెళ్ళడం, వస్తువు వచ్చి మాటని తుడవడం, నాకు బొత్తిగా నచ్చలేదు.

ఇవన్నీ అయ్యాకే పుస్తకం తెరిపించింది. అప్పుడు ఆ పిల్లలు ఆగకుండా చదివారని చెప్పను. తడబడ్డారు, వేలు పెట్టుకుని కూడబలుక్కున్నారు. కానీ ఎక్కడా నన్ను చూడలేదు, పుస్తకాన్నే చూశారు. నాకు అదే బాధ, ఆ బాధలో పాఠం ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

నెల గడుస్తోంది. నా ఆశ సన్నగిల్లుతుండగా పైవాళ్ళు నన్ను కాపాడారు. చిన్నపిల్లలకి ఇంగ్లీషు మాటలు నేర్పడమెలాగో నేర్పుతాం, మూడు రోజుల ట్రైనింగుకి రమ్మని రత్నావళి టీచరుకి ఆర్డరొచ్చింది. నేర్పుతున్న మనిషిని నేర్పడం నేర్చుకోవడానికి పిలిచి, తరగతిని మళ్ళీ సన్యాసిరావు మాస్టారికి అప్పజెప్పారు. మనుషుల తెలివికి నేను చేతులెత్తి మొక్కాలి గాని నాకు చేతుల్లేవు. ఆమె వెళ్ళేముందు మాస్టారికి షరతు సంగతంతా చెప్పి, ఒక్క దెబ్బ పడనివ్వొద్దని బతిమాలింది. ఆయన సరేనన్నాడు. మొదటి రెండు రోజులూ రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చున్నాడు. మూడో రోజు, అంటే నెలకి ఆఖరి రోజు, పిల్లల నోటుపుస్తకాలు తెరిపించాడు.

మీనింగులు లేవు. పేజీలనిండా వలల బొమ్మలు, పడవల బొమ్మలు, కింద ఇంగ్లీషు మాట, పక్కన పిల్లల ఇంటి మాట. పదకొండేళ్ళ కష్టం మట్టిపాలైందని మాస్టారి మొహం ఎర్రబడింది. చార్టు పక్కనుంచి నన్ను తీశాడు. నా కొసనున్న ఎర్రగుడ్డ పీకి అవతల పారేశాడు. ఆ క్షణంలో నా ఆనందం మీకెలా చెప్పను!

కాసులుని లేపాడు. వేవ్ అంటే ఏమిటన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న, అదే గది, అదే చెయ్యి. ఆ పిల్లకి గైడు మాట తెలుసు, రొయ్యలు వలుస్తూ కూడా గొణుక్కునేదని ఆమె తల్లి చెప్పగా విన్నాను. ఆ ఒక్క మాట అనేస్తే సరిపోయేది.

"కెరటం, మేస్టారూ. మీ గైడులో తరంగమని రాసీసుంది," అంది.

మీ గైడులో అన్న మాట ఆయనకి తగిలింది. చెయ్యి చాపమన్నాడు. నేను పైకి లేచాను. కాసులు చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. చూపు దించలేదు.

"సెయ్యి ఇవ్వను మేస్టారూ. ఈయాల దెబ్బ పడితే రేపు మాయమ్మ సెడ్డుకి పంపీత్తాది. నాను సదూకోవాల."

కిటికీలోంచి సముద్రం ఆగకుండా చప్పుడు చేస్తోంది. నేను గాలిలో ఉన్నాను. దిగు, దిగు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అబద్ధమాడను, అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. మాస్టారి చెమట నా పిడిమీద జారుతోంది. షరతు గుర్తొచ్చిందో, ఇచ్చిన మాట గుర్తొచ్చిందో, ఆ పిల్ల వేలిమీద నేను చేసిన మచ్చ కనబడిందో నాకు తెలియదు. నన్ను దించి బల్లమీద పెట్టాడు. పెట్టాక కూడా కోపం పోలేదు.

"మీనింగులు రాయకుండా పాఠం ఎలా చదివారే మీరు? చదువు, చూస్తాను," అన్నాడు.

కాసులు చదివింది. ఒక వాక్యం ఇంగ్లీషులో చదవడం, దాన్ని తన మాటల్లో చెప్పడం. మాస్టారు తన పుస్తకం తెరిచి వెంటే చూస్తున్నాడు. ఆ పుస్తకం నా పక్కనే ఉంది కాబట్టి నేనూ చూశాను. మొదటి పేజీ సుద్దముక్క మరకలతో, చేతి జిడ్డుతో నల్లగా ఉంది. రెండో పేజీ సగం నల్లన. మూడో పేజీ పెళ్ళికూతురి చీరలా ఒక్క మడత నలగకుండా ఉంది. ఏటేటా కొత్త పిల్లలు వచ్చినా పుస్తకం మాత్రం అదే. రెండో పేజీ చివర పడవలోకి నీళ్ళొచ్చాయి, తమ్ముడు భయపడి ఏడుస్తున్నాడు, లంగరు తాడు తెగిపోయింది. అక్కడికి వచ్చేసరికి కాసులు ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగాడు. పేజీ తిప్పి తనే చదువుకోవచ్చు, ఆ సంగతి తోచలేదు.

"ఇంతకీ ఆ పడవ ఏమయిందే కాసులూ?"

పదకొండేళ్ళు ఆ పాఠం చెప్పిన మనిషి అడుగుతున్నాడు. ఎంతమంది చేతులు వాచాయో నా దగ్గర లెక్కుంది, ఆ పడవ ఒడ్డు చేరిందో లేదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

"వచ్చీసింది మేస్టారూ," అంది కాసులు. "పెద్ద కెరటమొకటి వచ్చి ఒడ్డుకి తోసీసింది. కెరటమే కాసింది ఆళ్ళని."

ఆయన మూడో పేజీ తిప్పి, తనంతట తను మొత్తం చదువుకున్నాడు. పెదవులు కదులుతుంటే, పిల్లలు చదివినట్టే చదివాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నన్ను కాసులు చేతిలో పెట్టి, ఇది మీ అమ్మకిచ్చెయ్యి, నెల అయిందని చెప్పు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మొహంకేసి చూడలేకపోయాడు. నా తరఫున ఒక్కరూ నోరెత్తలేదు. మర్నాడు రత్నావళి టీచరు ట్రైనింగు కాగితం పట్టుకుని వచ్చి చూస్తే, చార్టు దగ్గర నా బదులు చీపురుపుల్ల ఉందట.

నరసమ్మ నన్ను మోకాలికి అడ్డం పెట్టి వంచి చూసింది. నానబెడితే వంగుతాదంది మొగుడితో. మొక్కై వంగనిది మానై వంగునా అని నేను ధీమాగా ఉన్నాను. ఎర్రయ్య నన్ను రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున్నే సెగ చూపించి, రెండు కొసలూ కలిపి బిగించి కట్టేశాడు. వంగాను. సామెతలు కట్టినవాళ్ళు ఎర్రయ్యని చూడలేదు.

ఇప్పుడు నేను పీతల వలకి చట్రాన్ని. నా నడుంచుట్టూ వల, మధ్యలో కుళ్ళిన చేపతల. పీతలు వచ్చి నా ఒళ్ళు కొరుకుతాయి. పగలు ఒడ్డున ఆరబెడితే, కాసులు నా పక్కనే ఇసకలో కూర్చుని పుస్తకం చదువుకుంటుంది, ఇప్పుడు ఆరో తరగతి. ముందు బొమ్మలు చూస్తుంది, కొత్త మాట కనబడితే చుట్టూ చూస్తుంది, ఇక్కడ ఎక్కడైనా ఉందేమోనని. నావైపు మాత్రం చూడదు. నేనంటే భయం పోయింది ఆ పిల్లకి, కోపం కూడా లేదు, నేను ఉన్నానన్న ధ్యాసే లేదు. దీన్ని ఎలా క్షమించను?

మొన్నొక సాయంత్రం సన్యాసిరావు మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకి వచ్చాడు. నీళ్ళు పాదాలకి తగలగానే వెనక్కి గెంతి, మళ్ళీ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. తిరిగి వెళుతూ నన్ను దాటుకుని వెళ్ళాడు, గుర్తుపట్టలేదు.

రోజూ చీకటి పడగానే ఎర్రయ్య నన్ను ఒడ్డు దగ్గరి నీళ్ళలో దించుతాడు. కొట్టడం తప్ప ఏమీ ఎరగనిదాన్ని, తెల్లారేదాకా దెబ్బలు తింటున్నాను. లెక్క పెట్టడం పాత అలవాటు కదా, వదల్లేదు. రెండేళ్ళలో ఎన్ని వేలు వచ్చి నన్ను కొట్టి వెళ్ళాయో. అందులో ఒక్కటి, గైడు పరువు నిలబెట్టడానికి ఒక్కటంటే ఒక్క తరంగం వస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. రాలేదు. వచ్చినవన్నీ కెరటాలే.